ముందే తెలిసిన పోరు: టెలివిజన్ వృత్తి కుస్తీ, పల్నాటి వీరారాధన - తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

1990ల చివరి భాగంలో అమెరికా నుంచి ఉపగ్రహ చానెళ్ళ ద్వారా వచ్చిన వారపు వృత్తి కుస్తీ ప్రదర్శనలు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదాన ప్రాంతపు ఇళ్ళలోకీ చేరాయి. వీటిని గురించిన చర్చ సాధారణంగా "ఇది నిజమా, నాటకమా" అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఫలితం ముందే నిర్ణయమైన పోరును చూసే అలవాటు ఇదే ప్రాంతంలో శతాబ్దాలుగా ఉంది. కారెంపూడిలో ఏటా జరిగే పల్నాటి వీరారాధన ఉత్సవాలు అందుకు నిదర్శనం. ఆ సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని వృత్తి కుస్తీ పనిచేసే తీరును వివరించడం, ఆ పోలికకు గల హద్దులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వృత్తి కుస్తీ, వీరారాధన, కారెంపూడి, కోడిపోరు, లాలూచీ కుస్తీ, నియతఫల ప్రదర్శన, ప్రతినాయకుడు.

1. ఉపోద్ఘాతం:

1990ల మధ్యకాలానికి గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, చీరాల వంటి పట్టణాల వీధుల్లో కేబుల్ తీగలు అల్లుకున్నాయి. 1995లో ఈటీవీ, జెమిని చానెళ్ళు తెలుగులో ప్రసారాలు మొదలుపెట్టాయి. వాటితోపాటు ఉపగ్రహ క్రీడా చానెళ్ళూ ఇళ్ళలోకి వచ్చాయి. ఆ చానెళ్ళలో పిల్లలను, యువకులను గట్టిగా పట్టుకున్న కార్యక్రమం 'డబ్ల్యూడబ్ల్యూఎఫ్'గా జనం నోట నానిన వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ వారి కుస్తీ. వ్యాఖ్యానం అమెరికన్ ఇంగ్లీషులో సాగేది. కథలోని సందర్భాలు ఇక్కడివారికి పరిచయం లేనివి. అయినా అండర్‌టేకర్, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్, ది రాక్ వంటి పేర్లు బడి పిల్లలకు కంఠతా వచ్చాయి. మల్లుల ఎత్తు, బరువు, ఛాతీ కొలత, ర్యాంకు అచ్చువేసిన ట్రంప్ కార్డులు విరామ సమయాల్లో చేతులు మారాయి.

ఈ కార్యక్రమం పట్ల పెద్దల స్పందన చాలావరకు ఒకే వాక్యంలో ఉండేది: "అదంతా ఉత్తుత్తి కొట్లాట." విద్యావంతుల స్పందనా దీనికి భిన్నం కాదు. మాధ్యమాల గురించి తెలుగులో వెలువడిన విమర్శ సినిమాకూ ధారావాహికలకూ ఇచ్చిన చోటు వృత్తి కుస్తీకి ఇవ్వలేదు. "ఉత్తుత్తి" అన్న మాటతో విషయం ముగిసిందని భావించడమే ఇందుకు ప్రధాన కారణంగా కనిపిస్తుంది. అయితే ఆ మాట రెండు ప్రశ్నలను మూసివేస్తుంది. ఉత్తుత్తిదని తెలిసి కూడా ప్రేక్షకుడు ప్రతి వారం ఎందుకు చూస్తాడు? ఉత్తుత్తి పోరులో మనిషి దేహానికి తగిలే దెబ్బ ఎంతవరకు ఉత్తుత్తిది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలనూ తెలుగు ప్రదర్శన సంప్రదాయంలో నుంచి చూడటానికి ప్రయత్నిస్తుంది.

2. 'లాలూచీ కుస్తీ': పదం - పరిధి:

తెలుగులో మల్లయుద్ధం, కుస్తీ, తాలింఖానా వంటి మాటలు నిజమైన బలపరీక్షకు సంబంధించినవి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సర్కస్ బరిలో గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీద నిలిపి 'కలియుగ భీముడు' అనిపించుకున్నాడు. ఆయనవి ప్రేక్షకుల కోసం చేసిన ప్రదర్శనలే అయినా, అక్కడ ప్రదర్శితమైనది బలమే.

ముందే కుదుర్చుకున్న పోటీని సూచించడానికి తెలుగులో ఉన్న మాట 'లాలూచీ కుస్తీ'. రాజకీయ వ్యాఖ్యానంలో ఇది నేటికీ విరివిగా వాడుకలో ఉంది. బయటికి తలపడుతున్నట్లు కనిపిస్తూ లోపల ఒప్పందం చేసుకున్న ఇద్దరిని నిందించడానికి ఈ మాట వాడతారు. ఇందులో నింద ఎవరి పక్షాన పలుకుతుందో గమనించాలి. అది మోసపోయిన ప్రేక్షకుడి పక్షాన పలుకుతుంది. ప్రేక్షకుడికి తెలియకపోవడమే లాలూచీ కుస్తీకి ప్రాణం. ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉంటే దానిని లాలూచీ అనడం కుదరదు. అటువంటి పోరుకు తెలుగులో స్థిరపడిన శాస్త్రపదం కనిపించదు. ఈ వ్యాసంలో దానిని 'నియతఫల ప్రదర్శన' అని వ్యవహరించడమైనది. ఫలితం ముందే నియతమై, ఆ సంగతి ప్రేక్షకుడికీ తెలిసి ఉన్న ప్రదర్శన అని దీని అర్థం.

అమెరికా వృత్తి కుస్తీ చరిత్రను ఈ రెండు పదాల మధ్య జరిగిన ప్రయాణంగా చెప్పవచ్చు. సంచార వినోద శాలలతో ముడిపడిన తొలి రోజుల్లో అది అక్షరాలా లాలూచీ కుస్తీయే. లోపలి ఒప్పందాన్ని బయటివారికి పొక్కనీయకూడదన్న కట్టుబాటును ఆ వృత్తివారు 'కేఫేబ్' అన్నారు. బరిలో శత్రువులైనవారు బయట ఒకే వాహనంలో కనిపించడం కూడా తప్పే. 1989లో ఈ కట్టుబాటుకు పెద్ద గండి పడింది. క్రీడా నియంత్రణ సంఘం అజమాయిషీ నుంచి, దానికి సంబంధించిన రుసుముల నుంచి తప్పించుకోవడానికి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు తమది నిజమైన క్రీడాపోటీ కాదని, వినోదమని చెప్పుకుంది. వ్యాపార ప్రయోజనం కోసం వెలువడిన మాటే అయినా, వృత్తి రహస్యం అధికార పత్రాల్లోకి ఎక్కింది. 1997 డిసెంబరు 15న సంస్థ అధిపతి విన్స్ మెక్‌మాన్ తన వారపు కార్యక్రమంలోనే ప్రేక్షకుల ముందుకు వచ్చి, మంచివాడు - చెడ్డవాడు అన్న పాత పద్ధతి ప్రేక్షకుల తెలివిని కించపరుస్తోందన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. లాలూచీ నుంచి నియతఫల ప్రదర్శనకు జరిగిన మార్పుకు ఈ సందర్భాన్ని గుర్తుగా తీసుకోవచ్చు.

3. వృత్తి కుస్తీ పనిచేసే తీరు:

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ బరి 20 అడుగుల చదరం. ఉక్కు దూలాల మీద చెక్క పలకలు, వాటి మీద పల్చని నురుగు పొర, ఆపైన కాన్వాసు గుడ్డ ఉంటాయి. పడినప్పుడు పలకలు కొద్దిగా వంగి దెబ్బను పంచుకుంటాయి, పెద్ద చప్పుడు చేస్తాయి. మల్లుడు మొదట నేర్చుకునే విద్య పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు మొత్తం ఒకేసారి నేలకు తగిలేలా, చేతులు చాచి పడాలి. ఎత్తి పడవేసే పట్లలో ఎత్తబడేవాడి సహకారం ఎత్తేవాడి బలమంత అవసరం. ఎత్తబడేవాడి ప్రాణం ఎత్తేవాడి చేతుల్లో ఉంటుంది.

ఎవరు గెలవాలో, కథ ఎటు మలుపు తిరగాలో 'బుకర్' నిర్ణయిస్తాడు. కొన్ని ఘట్టాలను మల్లులు ముందే అనుకుంటారు. మిగిలినవి బరిలో పట్టులో ఉన్నప్పుడు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు. న్యాయనిర్ణేత కూడా ఈ ప్రదర్శనలో పాత్రధారియే. సమయం ఎంత మిగిలిందో మల్లులకు అందించేది అతడే. ప్రత్యర్థి దెబ్బ నిజంగా తగిలినట్లు ప్రేక్షకుడిని నమ్మించే నటనకు 'సెల్లింగ్' అని పేరు. దెబ్బ విలువ కొట్టినవాడి కండలో కన్నా తిన్నవాడి అభినయంలో ఎక్కువగా ఉంటుంది. కాబట్టి పోటీలా కనిపించే ఈ ప్రక్రియ అంతర్నిర్మాణంలో సంపూర్ణమైన సహకారం.

ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1957 నాటి 'మిథాలజీస్' గ్రంథంలోని తొలి వ్యాసంలో వృత్తి కుస్తీని బాక్సింగుతో పోల్చాడు. బాక్సింగులో ఫలితం కోసం ఎదురుచూపు ఉంటుంది కనుక దానిమీద పందెం కాయడంలో అర్థముంది. కుస్తీలో ప్రేక్షకుడు కోరేది ఫలితాన్ని కాదు, బాధ, ఓటమి, న్యాయం అనే భావాలు స్పష్టంగా కనబడే క్షణాలను. అందుకే కుస్తీని క్రీడగా గాక దృశ్యప్రదర్శనగా చూడాలని ఆయన వాదించాడు. ఆయన చూసినది నాటి పారిస్ మందిరాల్లోని కుస్తీ. టెలివిజన్ దానికి వారం వారం సాగే కథను జోడించింది.

4. వారం వారం సాగిన కథ (1993-2001):

డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి 'మండే నైట్ రా' 1993 జనవరి 11న యుఎస్ఏ నెట్‌వర్క్‌లో మొదలైంది. పోటీ సంస్థ వరల్డ్ చాంపియన్‌షిప్ రెజ్లింగ్ 1995 సెప్టెంబరు 4న టీఎన్‌టీ చానెల్‌లో 'మండే నైట్రో'ను అదే సోమవారం రాత్రికి నిలిపింది. 1996 వేసవి నుంచి 1998 ఏప్రిల్ వరకు వరుసగా 83 వారాలు నైట్రోకే ప్రేక్షకులు ఎక్కువ. ఈ ఒత్తిడిలో 'రా' 1997 ఫిబ్రవరిలో గంట నుంచి రెండు గంటలకు పెరిగింది. మార్చిలో 'రా ఈజ్ వార్' అని పేరు మార్చుకుంది. 2001 మార్చి 26న నైట్రో చివరి ప్రసారంతో ఈ పోరు ముగిసింది. ఓడిన సంస్థను గెలిచిన సంస్థే కొనుక్కుంది. ఈ రెండు సంస్థల మధ్య పోటీ మాత్రం ఫలితం ముందే తెలియని నిజమైన పోటీ.

వారపు ప్రదర్శన ఆర్థికంగా ఒక ముందుమాట వంటిది. ప్రేక్షకుడు విడిగా డబ్బు కట్టి చూసే పెద్ద ప్రదర్శన నెలకొకటి ఉంటుంది. కక్ష పుట్టడం, పెరగడం, వంచన, రాయబారం, సవాలు వారపు ప్రసారాల్లో జరుగుతాయి. తీర్పు మాత్రం నెలాఖరు ప్రదర్శనకు వాయిదా పడుతుంది. 1998 ఏప్రిల్ 13న నైట్రో ఆధిక్యాన్ని 'రా' తొలిసారి దాటిన రాత్రి ఆకర్షణగా ప్రకటించినది ఆస్టిన్‌కూ యజమాని మెక్‌మాన్‌కూ మధ్య పోటీ. ఆ పోటీ ఆ రాత్రి జరగనే లేదు. మరో మల్లుడు అడ్డుపడటంతో ఆగిపోయింది. జరగబోయే పోరు కోసం ఎదురుచూపే అక్కడ అమ్ముడైన సరుకు.

5. మైదానంలో రెండు రకాల పోటీలు:

వృత్తి కుస్తీని చూసిన గుంటూరు, ప్రకాశం ప్రాంతపు ప్రేక్షకుడు పోటీ అంటే తెలియనివాడు కాడు. పత్తి, మిరప పండే ఈ నల్లరేగడి మైదానంలో సంక్రాంతికి, తిరునాళ్ళకు ఎడ్ల బండలాగుడు పోటీలు జరుగుతాయి. ఒంగోలు జాతి గిత్తలను పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు చేస్తారు. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. ఇక్కడ కొలత ఉంది, గడియారం ఉంది, అనిశ్చితి ఉంది. ఇందులో లాలూచీ జరిగితే ప్రేక్షకుడు సహించడు.

ఇదే నేలమీద రెండవ రకం పోరు కూడా ఉంది. పల్నాడులోని కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్య నుంచి ఐదు రోజులపాటు వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ ఐదు రోజులకు పేర్లు. ఈ ప్రాంతమంతటా పత్తి తీతలు సాగే కాలమది. 12వ శతాబ్దిలో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య జరిగిన పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరుల స్మృతి ఇందుకు ఆధారం. వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలుగా పూజించే కొణతాలతో నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడికి తరలివస్తారు. వీరవిద్యావంతులు కథాగానం చేస్తారు. ఈ కథ శ్రీనాథుని పేర ద్విపద కావ్యంగానూ, గాయకుల నోట మౌఖిక గాథగానూ నిలిచింది. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి జీన్ రోఘైర్ చేసిన ఆంగ్లానువాదం, అధ్యయనం 1982లో గ్రంథంగా వెలువడ్డాయి.

ఐదు రోజులలో కోడిపోరు ఈ చర్చకు ముఖ్యం. బ్రహ్మనాయుడి పక్షపు పుంజు చిట్టిమల్లు, నాయకురాలు నాగమ్మ పక్షపు పుంజు శివంగిడేగ. కథలో మాచర్ల పక్షం ఈ పందెంలో ఓడి ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళవలసి వస్తుంది. ఉత్సవంలో రెండు పక్షాల తరఫున పుంజులను బరిలోకి దింపి ఆ ఘట్టాన్ని మళ్ళీ కళ్ళముందుకు తెస్తారు. కథలో ఆ పోరు ఎటు ముగిసిందో, దాని పర్యవసానం ఏమిటో అక్కడ చేరిన వేలాది జనంలో తెలియనివారు అరుదు. అయినా జనం వస్తారు. "ఇది నిజమైన పందెమా" అని అక్కడ ఎవరూ అడగరు. రాయబారం నాడు అలరాజు తిరిగి రాడని తెలుసు. కల్లిపాడు నాడు బాలచంద్రుడు మిగలడని తెలుసు. తెలియడం వల్ల ఉత్కంఠ తగ్గదు. ఏం జరుగుతుందన్న ప్రశ్న స్థానంలో అది ఎలా జరుగుతుంది, ఈసారి మనసును ఎలా తాకుతుంది అన్న ప్రశ్న వచ్చి చేరుతుంది.

ఒకే ప్రేక్షకుడు బండలాగుడు బరి దగ్గర కొలతను నమ్ముతాడు, కారెంపూడి బరి దగ్గర కథను నమ్ముతాడు. ఒకదాని ప్రమాణాన్ని మరొకదానికి వర్తింపజేయడు. వృత్తి కుస్తీని "ఉత్తుత్తి" అని తోసిపుచ్చే విమర్శ బండలాగుడుకు తగిన ప్రమాణాన్ని కోడిపోరు వంటి ప్రక్రియకు వర్తింపజేస్తోంది. ప్రేక్షకుడు సులభంగా చేయగలిగిన ఈ వివేచనను విమర్శ చేయలేకపోయింది.

6. పాత్రప్రవేశం, ఆహార్యం, ప్రతినాయకుడు:

ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన ప్రేక్షకుడికి ఈ కథ ఎలా అర్థమైందన్న ప్రశ్నకు సమాధానం ప్రదర్శన రూపంలోనే ఉంది. కూచిపూడి కలాపంలోనూ యక్షగానంలోనూ పాత్ర తెర వెనుక నుంచి ప్రవేశ దరువుతో వస్తుంది. దరువు మొదలవగానే వచ్చేది ఎవరో ప్రేక్షకుడు గుర్తిస్తాడు. 'రా'లో ప్రతి మల్లుడికీ అటువంటి ప్రవేశ సంగీతం ఉంది. గాజు భళ్ళున పగిలిన చప్పుడు వినబడితే ఆస్టిన్, చీకటిలో గంట మోగితే అండర్‌టేకర్. మల్లుడు కనబడకముందే సభ లేచి నిలబడుతుంది. నల్లని పొడవాటి కోటు, టోపీ, తోలు ముసుగు వంటివి కిరీటం, భుజకీర్తులు, మీసకట్టు చేసే పనినే చేస్తాయి. భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో వాచికం అర్థం కాకపోయినా ఆంగికం, ఆహార్యం కథను నడిపించగలిగాయి.

పాత్రల విభజనలోనూ పోలిక ఉంది. వృత్తి కుస్తీలో మంచివాడు 'ఫేస్', చెడ్డవాడు 'హీల్'. ఒకరు మరొకరిగా మారడం 'టర్న్'. 1997 మార్చి 23న షికాగో శివారులో జరిగిన రెజిల్‌మేనియాలో బ్రెట్ హార్ట్, ఆస్టిన్ ఒకే పోటీలో తమ స్థానాలు మార్చుకున్నారు. చెడ్డవాడిగా బరిలోకి దిగిన ఆస్టిన్ రక్తమోడుతూ, ఓటమి ఒప్పుకోకుండానే స్పృహ తప్పి పడిపోయాడు. పడినవాడిని వదలకుండా కొట్టిన హార్ట్ జనం అభిమానం పోగొట్టుకున్నాడు. ఫలితం హార్ట్‌ది, సభ ఆస్టిన్‌ది.

ఓడిన ప్రతినాయకుడు సభను గెలుచుకోవడం తెలుగు ప్రేక్షకుడికి కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను ఆడిన పద్యనాటక రంగంలో దుర్యోధన పాత్రకు ప్రత్యేకమైన అభిమానులున్నారు. 1977 జనవరి 14న విడుదలైన 'దానవీరశూరకర్ణ'లో ఎన్.టి. రామారావు దుర్యోధనుడిగా పలికిన సంభాషణలు తరాలపాటు జనం నోట నిలిచాయి. వాటిని రాసిన కొండవీటి వెంకటకవి గుంటూరు జిల్లావారే. కురుక్షేత్రంలో ఎవరు ఓడుతారో తెలియక ఎవరూ ఆ చిత్రాన్ని చూడలేదు. పద్యం బాగా పండితే "వన్స్ మోర్" అని కేకలు వేసి, కథను ఆపి, అదే పద్యాన్ని మళ్ళీ పాడించుకునే సభాసంప్రదాయం కూడా ఇదే సత్యాన్ని చెబుతుంది. పాత్రను, నటుడిని ఏకకాలంలో చూడగల ప్రేక్షకుడు మాత్రమే "వన్స్ మోర్" అనగలడు.

7. ఫలితం ముందే చెప్పిన రాత్రి:

నియతఫల ప్రదర్శన స్వభావాన్ని స్పష్టం చేసే సంఘటన 1999 జనవరి 4న జరిగింది. నైట్రో ఆ రాత్రి ప్రత్యక్ష ప్రసారం. 'రా' మాత్రం అంతకు ఆరు రోజుల ముందు మసాచుసెట్స్‌లోని వుస్టర్‌లో చిత్రీకరించినది. అందులో మ్యాన్‌కైండ్ పేరుతో ఆడే మిక్ ఫోలీ, ది రాక్‌ను ఓడించి తొలిసారి చాంపియన్ అయ్యాడు. ఈ సంగతి తెలిసిన నైట్రో వ్యాఖ్యాత తన ప్రసారంలోనే ఫోలీ గెలవబోతున్నాడని ఎగతాళిగా బయటపెట్టాడు. ఫలితం తెలిస్తే ప్రేక్షకుడు అటు వెళ్ళడన్నది లెక్క. జరిగింది తలకిందులు. ఆ మాట వినగానే లక్షల సంఖ్యలో ప్రేక్షకులు చానెల్ మార్చి 'రా'కు వెళ్ళారు.

ఏళ్ళ తరబడి దెబ్బలు తిని, అందగాడు కాక, చాంపియన్ దేహం లేక, నవ్వులపాలైన మల్లుడు గెలుస్తున్నాడని తెలిసిన తరువాత ఆ క్షణాన్ని చూడాలన్న కోరికే జనాన్ని కదిలించింది. కోడిపోరు నాడు కారెంపూడికి తరలివెళ్ళే జనాన్ని కదిలించేది కూడా ఈ కోవకు చెందిన కోరికే. ఫలితాన్ని రహస్యమనుకున్న సంస్థ తన ప్రేక్షకుడిని తానే అర్థం చేసుకోలేదు. పల్నాటి వీరగాథను ఒకసారైనా విన్నవారికి ఆ రాత్రి జరిగినది వింతగా తోచదు.

8. పోలికకు హద్దులు:

పై పోలిక రెండింటినీ సమానం చేయడానికి ఉద్దేశించినది కాదు. మూడు అంశాలలో ఇవి స్పష్టంగా వేరు.

8.1 ఆరాధన - సరుకు: వీరారాధన పితృస్మరణ. అందులో పాల్గొనేవారికి అది ఆచారం, మొక్కు, వంశగౌరవం. మందపోరు నాటి చాపకూడు కులభేదం లేని సహపంక్తి భోజన స్మృతి. వృత్తి కుస్తీ ప్రేక్షకుల సంఖ్య మీద, ప్రకటనల మీద ఆధారపడిన సరుకు. వీరగాథ ప్రతి ఏటా అదే చోట ముగుస్తుంది. వారపు కుస్తీ ముగియడానికి వీలులేదు. ముగిస్తే వచ్చే వారానికి సరుకు ఉండదు. అందువల్ల అది ప్రతిసారీ మునుపటి దెబ్బకు మించిన దెబ్బను చూపవలసి వస్తుంది.

8.2 దెబ్బ - దేహం: నాట్యశాస్త్రం రంగస్థలంపై ఆయుధ ప్రయోగానికి భారతం, సాత్త్వతం, వార్షగణ్యం, కైశికం అని నాలుగు న్యాయాలను చెప్పింది. వీటితోపాటు ఒక నిషేధాన్నీ విధించింది. రంగంపై పొడవడం, నరకడం, రక్తం చిందించడం కూడదు. దెబ్బను అభినయంతో సూచించాలి. అంటే నియతఫల ప్రదర్శనకు నైతికమైన షరతు నటుడి దేహరక్షణ. 1990ల చివరి వృత్తి కుస్తీ ఈ షరతును పదేపదే మీరింది. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో ఇనుప పంజరం పైనుంచి సుమారు 16 అడుగుల కిందికి ఫోలీ పడిన దృశ్యం నేటికీ చూపబడుతోంది. ఆ పతనం ముందే అనుకున్నది, గాయాలు మాత్రం నిజమైనవి. 1999 మే 23న కాన్సాస్ నగరంలో ఓవెన్ హార్ట్ పైకప్పు నుంచి తాడుతో దిగే ప్రవేశ ఘట్టంలో తాడు ఊడి బరిలో పడి మరణించాడు. ఇది ప్రదర్శనలో భాగం కాదని వ్యాఖ్యాత జిమ్ రాస్ టెలివిజన్ ప్రేక్షకులకు పదేపదే చెప్పవలసి వచ్చింది. ప్రదర్శన ఆ రాత్రి ఆగలేదు. నిజాన్నీ అభినయాన్నీ ఉద్దేశపూర్వకంగా కలిపివేసిన రంగం, నిజమైన మరణం సంభవించినప్పుడు దానిని నమ్మించడానికి మాటలు వెతుక్కోవలసి వచ్చింది.

"ఉత్తుత్తి" అన్న కొట్టివేత వల్ల జరిగే అసలు నష్టం ఇక్కడ కనిపిస్తుంది. పోరు ఉత్తుత్తిదైతే దెబ్బా ఉత్తుత్తిదే, శ్రమా ఉత్తుత్తిదే అన్న భావన ఏర్పడుతుంది. మల్లులను ఆ సంస్థలు ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టుదారులుగా లెక్కించాయి. క్రీడ కాదని చెప్పుకోవడంతో క్రీడా సంఘాల పర్యవేక్షణ కూడా సడలింది. ఫలితం కల్పితమైనా, వెన్నెముక కల్పితం కాదు.

8.3 ముందెరుక - బాలప్రేక్షకుడు: కారెంపూడిలో పిల్లవాడు పెద్దల భుజాల మీద కూర్చొని పోరు చూస్తాడు. ఎవరు ఎవరో, ఏది ఆటో, ఏది మొక్కో పక్కనున్నవారు చెబుతూ ఉంటారు. నియతఫల ప్రదర్శనకు కావలసిన ముందెరుక ఆ విధంగా తరం నుంచి తరానికి అందుతుంది. ఉపగ్రహ చానెల్ ద్వారా వచ్చిన కుస్తీకి అటువంటి బోధక సమాజం లేదు. అనుకరించవద్దన్న హెచ్చరిక ఇంగ్లీషులో వచ్చింది, పట్లు మాత్రం భాష అవసరం లేకుండా వచ్చాయి. ట్రంప్ కార్డు మీది ర్యాంకు పిల్లవాడికి కల్పితపాత్ర వివరంగా గాక నిజమైన లెక్కగా కనిపించింది. అందువల్ల పిల్లల విషయంలో పెద్దల ఆందోళన అర్థవంతమైనదే. అయితే అందుకు మూలం ప్రదర్శన కల్పితం కావడంలో లేదు. కల్పితమని చెప్పే మనిషి పక్కన లేకపోవడంలో ఉంది.

9. ముగింపు:

- వృత్తి కుస్తీని 'లాలూచీ కుస్తీ'గా మాత్రమే చూడటం చారిత్రకంగా అసంపూర్ణం. 1989, 1997 సంవత్సరాల పరిణామాల తరువాత అది ఫలితం ముందే నిర్ణయమైనదని ప్రేక్షకుడికీ తెలిసిన 'నియతఫల ప్రదర్శన'గా మారింది.

- గుంటూరు, ప్రకాశం మైదాన ప్రాంతపు ప్రేక్షకుడికి బండలాగుడు వంటి అనిశ్చిత పోటీతోనూ, కోడిపోరు వంటి నియత పోరుతోనూ పరిచయం ఉంది. ఆ ప్రేక్షకుడిని మోసపోయినవాడిగా చిత్రించడం సరికాదు.

- ప్రవేశ సంగీతం, ఆహార్యం, ప్రతినాయకుడి ఆకర్షణ వంటి అంశాలలో తెలుగు ప్రదర్శన సంప్రదాయపు పరిభాష వృత్తి కుస్తీని వివరించడానికి సమర్థమైనది.

- ఫలితం తెలియడం ప్రేక్షకాసక్తిని చంపదని 1999 జనవరి 4 నాటి సంఘటన, కారెంపూడి ఉత్సవం రెండూ నిరూపిస్తున్నాయి.

- ఆరాధన, వ్యాపారం అన్న భేదం ఈ పోలికకు హద్దు. నటుడి దేహానికి హాని కలగరాదన్న నాట్యశాస్త్ర నియమం వృత్తి కుస్తీని అంచనా వేయడానికి తగిన ప్రమాణం.

- "నిజమా, నాటకమా" అన్న ప్రశ్నకు బదులు "ఈ నాటకంలో ఎవరి దేహం ఏ మూల్యం చెల్లిస్తోంది, దీన్ని చూసే పిల్లవాడికి ముందెరుక ఇచ్చేదెవరు" అన్న ప్రశ్నలతో పరిశోధన ముందుకు సాగవలసి ఉంది. వీరవిద్యావంతులు, సర్కస్ కళాకారులు, సినిమా పోరాట కళాకారులు వంటి వారి శ్రమజీవితాలను అధ్యయనం చేసేవారికి కూడా ఈ ప్రశ్నలు ఉపకరిస్తాయి.